గంటల లెక్కకు అవతల: ఉన్నత పాఠశాల విద్యార్థుల సమయ పాలన, చదువు అలవాట్లపై ఒక సమీక్ష

ఉన్నత పాఠశాల విద్యార్థికి చదువు అలవాట్ల గురించి తెలుగులో వెలువడే సలహాలలో అత్యధిక భాగం రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది: తెల్లవారుజామునే లేవాలి, టైమ్‌టేబుల్ వేసుకుని గోడకు అంటించుకోవాలి. దినపత్రికల విద్యా పేజీలు, పాఠశాల ప్రార్థన సమావేశాలలో చేసే ప్రసంగాలు, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఏళ్ల తరబడి ఈ రెంటినే మార్చి మార్చి చెబుతున్నాయి. జ్ఞాపకశక్తి, నిద్ర, అలవాట్లు, ఇంటిపని మీద దాదాపు 140 ఏళ్లుగా పోగుపడిన పరిశోధనను ఈ సలహాల పక్కన పెట్టి చూస్తే, బాగా రుజువైన విషయాలకు సలహాలలో చోటు తక్కువగానూ, రుజువు బలహీనంగా ఉన్నవాటికి చోటు ఎక్కువగానూ కనిపిస్తుంది. పుస్తకం ముందు ఎన్ని గంటలు కూర్చున్నారన్నదానికంటే ఆ గంటలలో మనసు ఏ పని చేసిందన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని ఆ పరిశోధన తేలుస్తున్నది. ఆ గంటలలో నిజంగా విద్యార్థి చేతిలో ఉండేవి ఎన్ని అన్న ప్రశ్న మాత్రం సలహాలలో గాని, పరిశోధనలో గాని తగినంతగా చర్చకు రాలేదు. తెలుగు రాష్ట్రాలలో ఎనిమిది నుంచి పది తరగతుల విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ రెండు విషయాలనూ ఒకచోట పరిశీలించవలసిన అవసరం ఉంది.

సమయ పాలన అనే శాస్త్రం బడిలో పుట్టినది కాదు. 1967లో పీటర్ డ్రకర్ సంస్థల నిర్వాహకుల పనితీరుపై రాసిన గ్రంథం, 1973లో అలన్ లేకిన్, 1989లో స్టీఫెన్ కోవీ వెలువరించిన పుస్తకాలు ఈ ఆలోచనను జనంలోకి తెచ్చాయి. పనులను ముఖ్యమైనవి, తొందరవి అని విడదీయడం, ఏ పనికి ఎంత సమయం పోతున్నదో రాసి చూసుకోవడం, అనవసరమైన పనులను కాదనడం వీటిలోని సారాంశం. ఈ సలహాలన్నిటికీ ఆధారం ఒక్కటే: తన సమయం మీద తనకు అధికారం ఉన్న వ్యక్తి. అటువంటి అధికారం లేని పదిహేనేళ్ల పిల్లవాడికి ఇవే సూత్రాలను యథాతథంగా బోధించడంతోనే చిక్కు మొదలైంది, ఎందుకంటే ఏ పనినైనా కాదనే స్వేచ్ఛ ఇంట్లో గాని, బడిలో గాని అతనికి లేదు.

అయినా ఈ శాస్త్రం విద్యార్థులకు బొత్తిగా పనికిరాదని అనలేము. బ్రిటన్, టెస్సర్ అనే అమెరికన్ పరిశోధకులు 90 మంది కళాశాల విద్యార్థుల సమయ పాలన అలవాట్లను నమోదు చేసి, నాలుగేళ్ల తర్వాత వారి మార్కులతో పోల్చి 1991లో ప్రకటించిన అధ్యయనంలో, ఆ అలవాట్లు ప్రవేశ పరీక్ష మార్కులకంటే మెరుగ్గా ఫలితాలను సూచించాయి. ఇందులో తరచూ మరిచిపోయే వివరం ఒకటి ఉంది. ఆ రోజు, ఆ వారం ఏం చేయాలో అనుకునే స్వల్పకాలిక ప్రణాళికకు, తన సమయం తన అదుపులో ఉన్నదన్న భావనకు మార్కులతో సంబంధం కనిపించింది గాని, నెలల తరబడి ముందుకు వేసుకునే దీర్ఘకాలిక ప్రణాళికకు కనిపించలేదు. జూన్‌లో బడి తెరిచిన వారంలో రంగుల పెన్సిళ్లతో గీసుకున్న సంవత్సరపు టైమ్‌టేబుల్ ఆగస్టుకల్లా గోడమీద బొమ్మగా మిగిలిపోవడంలో ఆశ్చర్యం లేదన్నమాట. అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టే పద్ధతిలో ఏయాన్, ఫేబర్, పనాషియో 2021లో చేసిన పరిశీలన కూడా సమయ పాలనకు చదువు ఫలితాలతో ఒక మోస్తరు సంబంధం ఉన్నదని, జీవితం పట్ల సంతృప్తితో ఉన్న సంబంధం మరింత గట్టిదని తేల్చింది. అంటే రోజును చక్కగా అమర్చుకోవడం వల్ల పిల్లలకు దక్కే మొదటి లాభం మార్కులు కాకపోవచ్చు, ఆందోళన తగ్గడం కావచ్చు. అదేమీ చిన్న లాభం కాదు.

ఇక విద్యార్థి రోజు సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలలో 89.3 శాతం మంది చదువు సంబంధమైన పనులలో పాల్గొంటూ రోజుకు సగటున 413 నిమిషాలు, అంటే ఏడు గంటలకు కాస్త తక్కువ, వాటికి వెచ్చిస్తున్నారు. ఇది అలా పాల్గొనే పిల్లలందరి సగటు. పదో తరగతికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. బడి ఏడు గంటలు, రాకపోకలకు ఒక గంట, స్నానం, భోజనం వంటివాటికి రెండు గంటలు, వైద్యులు చెప్పే నిద్రకు తొమ్మిది గంటలు తీసివేస్తే ఇరవై నాలుగు గంటలలో మిగిలేది అయిదు గంటలు. ఉదయం ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం మరొకటి, ఆపైన ట్యూషన్ చేరితే ఆ అయిదూ ఒకటి, రెండుకు పడిపోతాయి. విద్యా హక్కు చట్టం 2009 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలని నిర్దేశించింది. కనీసం ఎంత ఉండాలో చెప్పిన ఆ పట్టిక గరిష్ఠం ఎంతో చెప్పలేదు. తొమ్మిది, పది తరగతులు దాని పరిధిలోకే రావు. కాబట్టి పదో తరగతి పిల్లవాడి రోజును ఎంతవరకు నింపవచ్చన్నది ప్రధానోపాధ్యాయుల, యాజమాన్యాల, తల్లిదండ్రుల విచక్షణకే మిగిలిపోయింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల నుంచి నేటి కార్పొరేట్ రెసిడెన్షియల్ బడుల వరకు తెలుగునాట ‘స్టడీ అవర్’ అనే వ్యవస్థ బలపడిన కొద్దీ, విద్యార్థి తానై కూర్చుని తన లోటు ఏమిటో చూసుకునే సమయం ఒకరి పర్యవేక్షణలో గడిచే సమయంగా మారిపోయింది. పర్యవేక్షణ చెడ్డదని కాదు. ఏం చదవాలో నిర్ణయించుకోవడం కూడా ఒక విద్యేనని, ఆ విద్యకు ఇటువంటి దినచర్యలో సాధన దొరకదని గమనించాలి.

మిగిలిన కొద్ది గంటలలో ఏం చేయాలన్న ప్రశ్నకు పరిశోధన ఇచ్చే సమాధానం చాలా స్పష్టమైనది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లె వేసి, ఎంతకాలానికి ఎంత మరుపు వస్తున్నదో కొలిచి, 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మరుపు మొదటి గంటలలోనే అతివేగంగా వస్తుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని, ఒకే రోజున అనేకసార్లు వల్లె వేయడం కంటే కొన్ని రోజులకు పంచి వల్లె వేస్తే తక్కువ శ్రమతో గుర్తుంటుందని ఆయన చూపాడు. తర్వాతి శతాబ్దం ఈ రెండో అంశాన్ని వందలాది ప్రయోగాలతో ధ్రువపరచి, దానికి మరొక అంశాన్ని చేర్చింది. చదివినదాన్ని పుస్తకం మూసి గుర్తుకు తెచ్చుకునే ప్రయత్నమే, అంటే పునఃస్మరణ సాధనే, జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్నది ఆ అంశం. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక వర్గం విద్యార్థులు పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు, మరో వర్గం ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారు 81 శాతం, రాసి చూసుకున్నవారు 75 శాతం గుర్తు తెచ్చుకున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తిరగబడి చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం మిగిలింది. మళ్లీ మళ్లీ చదివే పద్ధతి విద్యార్థిని ఎలా మోసగిస్తుందో ఈ అంకెలలోనే తెలుస్తుంది. చదివిన వెంటనే అంతా వచ్చినట్టే ఉంటుంది, ఆ ధీమాతోనే పుస్తకం మూస్తారు, పరీక్ష గదిలోకి వెళ్లేసరికి సగం ఉండదు. అయినా విద్యార్థులు ఎంచుకునేది ఆ పద్ధతినే. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో 177 మందిని అడిగిన 2009 నాటి సర్వేలో 84 శాతం మంది తిరిగి చదవడాన్నే తమ పద్ధతిగా చెప్పారు; గుర్తు తెచ్చుకునే సాధన చేస్తున్నామన్నవారు 11 శాతం మాత్రమే.

ఈ విషయంలో తెలుగు బడికి ఉన్న పాత సంపదను తక్కువ చేయకూడదు. ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పించుకునే పద్ధతి పునఃస్మరణ సాధన తప్ప మరొకటి కాదు. అవధానాలలో పృచ్ఛకుల ప్రశ్నలకు చెప్పిన పద్యాలన్నిటినీ ధారణలో నిలిపి చివర వరుసగా అప్పజెప్పే విద్య దానికి పరాకాష్ఠ. ఈనాటి బడులలో దాని వారసురాలు స్లిప్ టెస్టు. ఒకటి రెండు ప్రశ్నలకు చిన్న కాగితం మీద పది పదిహేను నిమిషాలలో జవాబు రాయించే ఈ చిన్న పరీక్ష, పరిశోధకులు ప్రయోగశాలలో రుజువు చేసిన పద్ధతికి అతి సమీపంగా ఉంటుంది. విచారమేమిటంటే, దాన్ని నేర్పే సాధనంగా కాక కొలిచే సాధనంగా, చాలాచోట్ల దండించే సాధనంగా వాడుతున్నారు. తప్పిన ప్రశ్నను పదిసార్లు ఇంపోజిషన్ రాయించడం వల్ల జ్ఞాపకానికి జరిగే మేలు స్వల్పం, ఎందుకంటే రెండోసారి నుంచి పిల్లవాడు చూసి ఎక్కిస్తాడే గాని గుర్తు తెచ్చుకోడు. అదే ప్రశ్నను మూడు రోజుల తర్వాత మరొకసారి, మార్కుల ఊసు లేకుండా అడిగి, వెంటనే సరైన జవాబు చూపిస్తే, అదే కాగితం అంతకంటే ఎంతో బాగా పనిచేస్తుంది. మార్కులు రిజిస్టరులోకి ఎక్కని స్లిప్ టెస్టు ఈ సమీక్షలో చర్చించే పద్ధతులన్నిటిలోకి అతి చవకైనది, అతి బలమైనది కూడా.

అప్పజెప్పడానికీ బట్టీకీ తేడా ఉంది. పై ప్రయోగాలలో విద్యార్థులు భావాలను తమ మాటలలో గుర్తు తెచ్చుకున్నారు. గైడులోని జవాబును అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే విద్యార్థికి ప్రశ్న కాస్త తిప్పి అడగగానే దారి తప్పుతుంది. ‘ఇది ఎందుకు ఇలా జరుగుతుంది’ అని తనను తాను ప్రశ్నించుకోవడం, లెక్కలో ప్రతి మెట్టునూ తనకు తాను వివరించుకోవడం ఈ లోటును తీరుస్తాయి. డన్‌లాస్కీ, ఆయన సహ పరిశోధకులు 2013లో పది చదువు పద్ధతులను తూకం వేసిన ప్రసిద్ధ సమీక్షలో ఈ రెండు పద్ధతులకూ మధ్యస్థ ప్రయోజనం ఉన్నట్టు తేల్చారు. అత్యధిక ప్రయోజనం ఉన్నవిగా వారు ఎంచినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజులకు పంచుకోవడం. అండర్‌లైన్ చేయడం, తిరిగి తిరిగి చదవడం, సారాంశం రాసుకోవడం అట్టడుగున నిలిచాయి. మన బడులలో గంటలను మింగేసే ఫెయిర్ నోట్సు, అంటే బోర్డు మీదిదో గైడులోదో అందంగా ఎక్కించే పని, ఆ జాబితాలో లేదు గాని, ఉంటే ఇంకా కింద ఉండేదని అనుకోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. ఒక్కో విద్యార్థికి ఒక్కో అభ్యసన శైలి, కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారన్న బహుళ ప్రచారంలో ఉన్న సిద్ధాంతం సంగతి 2008లో పాష్లర్ బృందం చేసిన సమీక్షతోనే తేలిపోయింది. శైలిని బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం వారికి దొరకలేదు.

చదువును ఎంత ఎడంతో పంచుకోవాలన్న ప్రశ్నకు సెపెడా బృందం 2008లో 1350 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంతో ఒక కొలత ఇచ్చింది. పరీక్ష వారంలో ఉంటే ఆ వ్యవధిలో 20 నుంచి 40 శాతం, అంటే సుమారు ఒకటిన్నర నుంచి మూడు రోజుల ఎడం మంచిది. పరీక్ష ఏడాది దూరంలో ఉంటే 5 నుంచి 10 శాతం, అంటే సుమారు మూడు నుంచి అయిదు వారాల ఎడం మంచిది. పదో తరగతి పరీక్షలు సాధారణంగా మార్చిలో మొదలవుతాయి కాబట్టి, జూలైలో చెప్పిన పాఠాన్ని రెండు మూడు వారాలకు ఒకసారి, ఆ తర్వాత మరికొన్ని వారాలకు ఇంకొకసారి పలకరించడం మేలన్నమాట. ఆచరణలో జరిగేది ఇందుకు భిన్నం. డిసెంబరు నాటికి సిలబస్ పూర్తిచేసి, జనవరి నుంచి ‘రివిజన్’ పేరుతో రోజంతా పునశ్చరణ చేయించడం ఆనవాయితీ. వంద రోజుల ప్రణాళికలు, ప్రీ ఫైనల్ పరీక్షలు అన్నీ ఆ చివరి అంకానికి కూర్చినవే. జూలైలో చెప్పిన పాఠం జనవరి దాకా ఎవరూ ముట్టకపోతే దాన్ని పునశ్చరణ అనడం కష్టం, అది దాదాపు మొదటినుంచి నేర్చుకోవడమే అవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 2022 నుంచి పదో తరగతి పరీక్షలను పూర్వపు 11 పేపర్ల నుంచి ఆరు, ఏడు పేపర్లకు తగ్గించడంతో పరీక్షల రోజులు తగ్గాయి గాని, ఒక్కో పేపరులో సిలబస్ మొత్తం రావడంతో చివరి నిమిషపు చదువు మరింత భారమైంది. పాత పద్ధతిలో రెండో పేపరుకు మిగిలిన అధ్యాయాలను ముందురోజు రాత్రి చదివి నెట్టుకొచ్చే వెసులుబాటు ఉండేది; ఇప్పుడది లేదు. పరీక్షల సంస్కరణ, ఎవరూ అనుకోకుండానే, పంచి చదివే పద్ధతి అవసరాన్ని పెంచింది.

గణితానికి ప్రత్యేకంగా చెప్పవలసినది కలగలుపు సాధన. వర్గ సమీకరణాల అధ్యాయం కింద ఇరవై లెక్కలు వరుసగా చేసే విద్యార్థికి ప్రతి లెక్కకూ ఏ సూత్రం వాడాలో ముందే తెలుసు. పరీక్షలో శ్రేఢులు, త్రికోణమితి, క్షేత్రమితి కలిసి వచ్చినప్పుడు అసలు చిక్కు సూత్రాన్ని ఎంచుకోవడంలోనే వస్తుంది. రోరర్, టేలర్ 2007లో ఘన పరిమాణాల లెక్కలతో చేసిన ప్రయోగంలో ఒకే రకం లెక్కలు గుంపుగా చేసినవారు వారం తర్వాతి పరీక్షలో 20 శాతం, రకరకాల లెక్కలు కలిపి చేసినవారు 63 శాతం సాధించారు. సాధన చేస్తున్నప్పుడు మాత్రం గుంపుగా చేసినవారికే ఎక్కువ ఒప్పులు వచ్చాయి. నేర్చుకునేటప్పుడు తేలికగా అనిపించిన దారి తర్వాత నిలవదన్న ఈ వైపరీత్యమే మంచి చదువు అలవాట్లు వ్యాపించకపోవడానికి పెద్ద కారణం. కష్టమనిపించే పద్ధతిని పిల్లలు వదిలేస్తారు, ఫలితం కనిపించే నాటికి ఏ పద్ధతి వల్ల ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

ఈ పద్ధతులకు ఒక హద్దు కూడా ఉంది. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతపై 2023లో జరిగిన, చదవడం, లెక్కలు చేయడం వంటి సామర్థ్యాలను కొలిచే అసర్ సర్వేలో దాదాపు పాతిక శాతం మంది తమ ప్రాంతీయ భాషలోని రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43 శాతం మాత్రమే. అటువంటి విద్యార్థికి కావలసినది టైమ్‌టేబుల్ కాదు, వెనకబడిన చోటికి వెళ్లి నేర్పే ఉపాధ్యాయుడు. ఫలితాలు రాకపోతే సమయాన్ని వృథా చేశాడని అతన్ని నిందించడం అన్యాయం.

ఇక పనిని ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే ప్రణాళిక సంగతి. ఏ పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడంలో మనుషులందరూ పొరపడతారు. దీనికి ప్రణాళికా భ్రమ అని పేరు. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులలో పూర్తిచేస్తామన్నారు, పట్టింది 55 రోజులు. కాబట్టి ఖాళీ లేకుండా నింపిన టైమ్‌టేబుల్ రెండో రోజే తప్పుతుంది, తప్పిన టైమ్‌టేబుల్ మూడో రోజు మూలన పడుతుంది. వారంలో ఒక సాయంత్రమైనా ఏమీ రాయకుండా వదిలిపెట్టడం తెలివైన పని. ‘రోజూ సైన్సు చదవాలి’ వంటి సంకల్పం కంటే ‘సాయంత్రం టీ తాగగానే వరండాలో కూర్చుని నిన్నటి జీవశాస్త్రం పాఠం చూడకుండా రాయాలి’ వంటి నిర్ణయం నెరవేరే అవకాశం ఎక్కువని గోల్‌విట్జర్, షీరన్ 94 పరీక్షల ఫలితాలను కలిపి 2006లో చూపారు. సమయం, చోటు, చేయవలసిన పని మూడూ ముందే ముడిపడితే ఆ వేళకు మళ్లీ మనసును ఒప్పించవలసిన అవసరం తగ్గుతుంది. డక్‌వర్త్ బృందం 2011లో ఉన్నత పాఠశాల విద్యార్థులతోనే దీన్ని పరీక్షించింది. లక్ష్యాన్ని ఊహించి, దానికి అడ్డువచ్చే ఆటంకాన్ని గుర్తించి, ఆ ఆటంకం ఎదురైతే ఏం చేయాలో రాసుకున్నవారు మిగిలినవారికంటే 60 శాతం ఎక్కువ సాధన ప్రశ్నలు పూర్తిచేశారు. అలవాటు 21 రోజులలో స్థిరపడుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. 2010లో లాలీ బృందం లండన్‌లో 96 మందిని గమనించి ప్రకటించిన అధ్యయనంలో అందుకు పట్టిన కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా మారింది, మధ్యస్థం 66. మూడు వారాలకు కుదరలేదని నిరాశపడే పిల్లలకు ఈ అంకె చెప్పడం మేలు. 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిలో రూపొందించిన 25 నిమిషాల పొమొడొరో పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పని మొదలుపెట్టడానికి అది ఉపకరిస్తుంది, 25 అన్న అంకెలో మహిమ ఏమీ లేదు.

వాయిదా వేయడాన్ని పెద్దలు సోమరితనం అంటారు. సిరోయిస్, పిచిల్ 2013లో వివరించిన ప్రకారం అది ప్రధానంగా మనసు కష్టాన్ని తప్పించుకునే ప్రయత్నం; లెక్కల పుస్తకం తెరవగానే కలిగే దిగులును తప్పించుకోవడానికి పిల్లవాడు మరో పనిలో పడతాడు. మొదటి పరీక్షకు ముందు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారని 2010లో వెలువడిన ఒక కెనడా అధ్యయనం చూపింది. ‘ఇన్నాళ్లూ ఏం చేశావు’ అన్న తిట్టు దిగులును పెంచుతుంది కాబట్టి వాయిదానూ పెంచుతుందన్నమాట. సెల్‌ఫోన్ విషయంలో కూడా అతిగా మాట్లాడటం కనిపిస్తుంది. బల్ల మీద ఫోను ఉన్నంత మాత్రానే ఏకాగ్రత తగ్గుతుందని 2017లో వార్డ్ బృందం చెప్పిన మాటను తర్వాతి పరిశోధనలన్నీ అంతే బలంగా సమర్థించలేదు. చదువు మధ్యలో సందేశాలు చూసుకోవడం, మళ్లీ పాఠంలోకి రావడం వల్ల కలిగే నష్టం మాత్రం నిర్వివాదం. చదివే గంటసేపు ఫోను మరో గదిలో ఉంచడం, ఆ నియమం ఇంట్లో పెద్దలకూ వర్తించడం చాలు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన విషయం నిద్ర. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య అకాడమీ 2016లో నిర్ణయించింది. యౌవనారంభంలో శరీరంలోని కాలచక్రం వెనక్కు జరిగి, రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం, ఉదయం ఆలస్యంగా మెలకువ రావడం సహజమని మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల పరిశోధన చెబుతున్నది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బాగా గుర్తుంటుందన్న మన నమ్మకాన్ని దీనితో కలిపి చూడాలి. నాలుగింటికి లేచే పిల్లవాడికి కనీసం ఎనిమిది గంటల నిద్ర దక్కాలంటే రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి. పొలం పనులతో, దీపం వెలుగుతో రోజు ముగిసే కాలంలో అది కుదిరేది, ట్యూషన్ నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే కాలంలో కుదరదు. వేకువ చదువులో తప్పు లేదు, దాని కోసం నిద్రను కోసేయడంలో ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని ఉన్నత పాఠశాలల విద్యార్థులు 535 మందిని తొమ్మిది, పది, పన్నెండు తరగతులలో అనుసరించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్ర తగ్గించుకుని అదనంగా చదివిన మర్నాడు తరగతిలో పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువగా నమోదయ్యాయి. కిశోర దశ పిల్లల బడి ఉదయం 8.30 కంటే ముందు మొదలు కాకూడదని అమెరికా శిశువైద్య అకాడమీ 2014లో సూచించగా, కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నత పాఠశాలలకు దాన్ని చట్టం చేసి 2022 నుంచి అమలుచేస్తున్నది. తొమ్మిది ప్రాంతంలో మొదలయ్యే మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఈ మేలు అప్రయత్నంగానే దక్కింది. ఎనిమిదింటి స్పెషల్ క్లాసు, ఏడింటి బస్సు దాన్ని తీసేస్తున్నాయి.

ఇంటిపని మీద హారిస్ కూపర్ బృందం 2006లో చేసిన సమీక్ష ఉన్నత తరగతులలో రోజుకు గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా ఇంటిపనితో ఫలితాలు మెరుగవుతాయని, అది దాటితే అదనపు లాభం కనిపించదని తేల్చింది. మన బడులలో ఆరుగురు ఉపాధ్యాయులు ఆరు సబ్జెక్టులకు విడివిడిగా ఇంటిపని ఇస్తారు. మొత్తం ఎంతైందో ఏ ఒక్కరికీ తెలియదు. ఆడపిల్లల విషయంలో మరో లెక్క చేరుతుంది. 2024 కాల వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలు వేతనం లేని ఇంటి పనులకు రోజుకు 305 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. పురుషులు వెచ్చించేది గంటన్నర లోపే. ఆ పనిలో భాగం పంచుకునేది సాధారణంగా కూతురే. అన్నదమ్ములతో సమానంగా మార్కులు తెచ్చుకునే పదో తరగతి అమ్మాయి వారికంటే తక్కువ గంటలలో వాటిని తెచ్చుకుంటున్నదన్న మాట ఏ టైమ్‌టేబుల్‌లోనూ కనిపించదు.

పై పరిశోధనలో అధిక భాగం అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల విద్యార్థులతో జరిగినది. ఇక్కడి బడిలో, రెండు భాషల మధ్య నలిగే పాఠ్యపుస్తకాలతో, అరవై మంది ఉన్న తరగతి గదిలో అంకెలు మారవచ్చు. జ్ఞాపకం పనిచేసే తీరుకు సంబంధించిన రెండు మూడు ప్రధాన ఫలితాలు మాత్రం రకరకాల వయసులలో, విషయాలలో మళ్లీ మళ్లీ నిలిచాయి కాబట్టి వాటిని నమ్మవచ్చు; ప్రణాళిక, అలవాట్ల మీది ఫలితాలను అంతకంటే జాగ్రత్తగా తీసుకోవాలి. ఈ తూకం ప్రకారం చూస్తే, విద్యార్థి మార్చుకోవలసినది ఎక్కువ గంటలు కూర్చోవడం కాదు, ఉన్న గంటలో సగం పుస్తకం మూసి ఉంచడం. పెద్దలు మార్చుకోవలసినది అంతకంటే పెద్దది. జనవరిలో స్పెషల్ క్లాసుల పట్టిక వేసే ముందు ప్రతి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు సబ్జెక్టు ఉపాధ్యాయులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆ పట్టిక ప్రకారం నడిచే పిల్లవాడికి రాత్రి ఎన్ని గంటల నిద్ర మిగులుతుందో, తానుగా చదువుకోవడానికి ఎంత సమయం మిగులుతుందో కాగితం మీద లెక్క వేయాలి. ఎనిమిది గంటల నిద్ర, ఒకటిన్నర గంట స్వంత చదువు మిగలని పట్టికను తల్లిదండ్రులు ఆమోదించకూడదు.